పొయ్యిగూట్లో పడవ బిరడా

పడవకి అడుగున బొక్క ఉంటుందన్న సంగతి నాకు పెళ్ళయ్యేదాకా తెలియదు. మాది నందిగామ. అక్కడ నీళ్ళంటే బావి, లేదంటే మునేటి ఇసకలో తవ్వుకున్న చెలమ. మా నాన్న మిషన్ స్కూల్లో పంతులు. ఆయనకీ ఈత రాదు, నాకూ రాదు. అలాంటి నన్ను జగ్గయ్యపేట అవతల కృష్ణ ఒడ్డున, సున్నం పడవ ఉన్న ఇంటికి ఇచ్చారు. పెళ్ళయిన మర్నాడు ప్రార్థన ముగిశాక అత్తగారు లోపలికి రమ్మంటే, ఇంటి తాళాలు చేతిలో పెడుతుంది కాబోలు అనుకున్నాను. ఆవిడ పొయ్యి పైన గోడలో ఉన్న గూట్లోంచి ఒక నల్లటి కొయ్యముక్క తీసి నా చేతిలో పెట్టింది. జానెడుంది. ఒక కొస లావు, ఒక కొస సన్నం. పొగ పట్టి నిగనిగలాడుతోంది.

"ఇదేంటత్తయ్యా?"

"పడవ బిరడా. ఇహ నించి నీదే."

నవ్వొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూసి మింగేశాను.

తర్వాత్తర్వాత అర్థమైంది. ఎండాకాలం కృష్ణ సన్నగిల్లి పాయలైపోతే పడవని ఇసక మీదికి లాగేస్తారు. అప్పుడు అడుగున బొక్కకున్న బిరడా ఊడదీయాలి. లేకపోతే ఏ అకాల వానో పడితే ఆ నీళ్ళు పడవలోనే నిలిచి పలకలు నానిపోయి కుళ్ళుతాయి. ఊడదీసిన బిరడా ఇంటికొస్తుంది. పొయ్యిగూట్లో పొగకీ వేడికీ బాగా ఎండాలి. అలా ఎండిన కొయ్య మళ్ళీ బొక్కలోకి వెళ్ళి నీళ్ళు తాగితే ఉబ్బి, ఇక కదలదు. పచ్చికర్రని దిగ్గొడితే ఆ పూటకి బాగానే ఉంటుంది గానీ, పైనున్న సున్నం దాని తడంతా పీల్చేశాక వదులైపోతుంది.

అదీ అసలు భయం. కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఇంటికి వెల్ల వేయించుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. కుతకుతా ఉడుకుతుంది. కుండలో అయితే పిల్లలు చుట్టూ చేరి వేడుక చూస్తారు. పడవ నిండా అయితే పలకలు అంటుకుంటాయి. నట్టేట్లో, నీళ్ళ వల్ల తగలబడిపోయే పడవ మాది. బట్టీల దగ్గర ఎత్తిన సున్నాన్ని ఏటి వాలున బెజవాడ చేర్చి, తూరుపు గాలి పడ్డాక మగాళ్ళు తెరచాప ఎత్తి పైకి వచ్చేవాళ్ళు. వాళ్ళు తిరిగొచ్చేదాకా అత్తగారు దిగువ వైపు ఆకాశం చూసేది, పొగేమన్నా లేస్తోందేమోనని. నన్నూ చూడమనేది. పొగ కనిపిస్తే మనం చేసేదేముంది అని నేనంటే ఆవిడకి కోపం వచ్చేది.

మొదటి ఏడు పడవని ఊరేస్తుంటే చూసి నేను పెట్టిన కేక సంగతి ఆ ఒడ్డున చాలా కాలం చెప్పుకున్నారు. ఎండకి పలకలు ఈడ్చుకుపోయి సందులు విడతాయి. ఆ సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. అంతటితో అవదు. ఒడ్డు వారగా లోతులేని నీళ్ళలోకి పడవని దింపి, బిరడా పెట్టకుండా, రాళ్ళు వేసి ముంచేస్తారు. పలకలు నాని, ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుని సందులు మూసుకోవాలి. నాకెవరూ చెప్పలేదు. బొక్కలోంచి నీళ్ళు బుడబుడమంటూ పైకొస్తుంటే మా ఆయనా మరిదీ ఒడ్డున కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. "మునిగిపోతోంది! ఏవండీ, పడవ మునిగిపోతోంది!" అని నేను అరిచిన అరుపుకి అవతలి ఒడ్డున బట్టలుతికే వాళ్ళు లేచి నిలబడ్డారట. మా ఆయన చుట్ట నోట్లోంచి తియ్యకుండానే, "మంచిది, మునగనీ," అన్నాడు.

నానిన పడవని మళ్ళీ తేల్చే రోజున ఆ ఇంటి ఆడమనిషి రావాలి. మోకాలి లోతు నీళ్ళలో దిగి, పడవలో అడుగుపెట్టి, బిరడా బొక్కలో తన చేత్తో నిలబెట్టాలి. మగాళ్ళు కొయ్యసుత్తితో దిగ్గొడతారు. అంతకు ముందు పాత నూలు చీర పేలిక ఆముదంలో తడిపి బిరడాకి చుట్టడం కూడా ఆమె పనే. ఎందుకలా అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఇంట్లో ఉండే మనిషి చేత్తో మూస్తే పడవ ఇంటికొస్తుందని అత్తగారి మాట. మా మావయ్యగారు పోయిన ఏడు పడవ కదలనే లేదు. అత్తగారు బిరడా గూట్లో పెట్టి, పెద్దకొడుక్కి సంబంధాలు చూడటం మొదలుపెట్టింది. ఆ చూడటంలో నేను దొరికాను. "నన్ను చేసుకుంది మీకోసమా, పడవకోసమా?" అని మా ఆయన్ని ఎన్నిసార్లు ఆటపట్టించానో. "ముందు పడవకే," అనేవాడు.

ఆయనకి ఆ బిరడా అంటే అంత గౌరవమేమీ లేదు. ఒకసారి బెజవాడ రేవులో పాత లాంచీ ఒకటి విప్పుతుంటే దాని అడుగునున్న ఇత్తడి కుళాయి చూసి మనసు పారేసుకున్నాడు. పిడి ఇటు తిప్పితే ఏరు లోపలికొస్తుంది, అటు తిప్పితే ఆగిపోతుంది. దాన్ని కొనుక్కొచ్చి, వడ్రంగి చేత పడవ పక్కన ఇంకో బొక్క తొలిపించి, లోపల చెక్కదిమ్మ ఆన్చి, తోలు పెట్టి బిగించాడు. అత్తగారు నెత్తి కొట్టుకుంది. "ఒక బొక్కతో చస్తుంటే రెండోది దేనికిరా?" ఆయన నన్ను పడవలో కూర్చోబెట్టి, అది తిప్పుతూ మూస్తూ ఆ పూటంతా గడిపాడు. తీరా నాలుగు నెలలకి సున్నం దుమ్ము లోపల దూరి, పిడి సగంలో బిగుసుకుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. తలగుడ్డ చింపి దాని నోట్లో కుక్కి, అరచెయ్యి అదిమిపెట్టి, మరిది గడ వేస్తుంటే ఎలాగో రేవు చేరాడు. ఆ బొక్క పలక ముక్కతో మూయించేశాడు. కుళాయి మా పెరట్లో పడుండేది. "ఇత్తడికి సున్నం పడదే," అని నాతో అన్నాడు, అదేదో తనే కనిపెట్టినట్టు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. పిల్లలు కలగలేదు. పడవ వెళ్ళేది, వచ్చేది.

ఆయన పోయింది ఎండాకాలంలో, విషజ్వరంతో. పడవ ఇసక మీదుంది. ఏట్లో పోయేవాళ్ళ గురించి ఆ ఒడ్డున ఎన్నో కథలున్నాయి గానీ, ఈయన మంచంలో, పొడి నేల మీద పోయాడు. అప్పుడు నాకేమనిపించిందని చాలామంది అడిగారు. ఏమీ అనిపించలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు, సిగ్గుతోనూ చెప్పడం లేదు. ఏమీ అనిపించలేదు, అంతే. సమాధి పూడ్చి వచ్చాక నాకు ఆకలేసింది. తిన్నాను. నిద్రొస్తే పడుకున్నాను. వచ్చినవాళ్ళు నా పక్కన కూర్చుని, నేనెప్పుడు ఏడుస్తానా అని నా మొహంలోకి చూసేవాళ్ళు. కాసేపు చూసి, వాళ్ళే ఏడ్చి, వెళ్ళేవాళ్ళు. "గట్టి మనిషమ్మా," అని గుమ్మం దాటాక అనుకోవడం నాకు వినపడేది. గట్టీ లేదు, మెత్తనా లేదు. ఎవరైనా నా చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలిసేది కాదు. అంట్లు తోమేదాన్ని, నీళ్ళు మోసేదాన్ని, పొయ్యి రాజేసేదాన్ని. గూట్లో బిరడా ఎండుతూ ఉండేది.

మరిది అప్పటికింకా పెళ్ళి కానివాడు. నా కన్నా చిన్నవాడే. మాటలు తక్కువ. అన్నయ్య వెనక నడవడం తప్ప ముందు నడిచిన అలవాటు లేదు. పడవ మీద పనిచేసే కళాసులతో కలిసి సందుల్లో దూది పెట్టించాడు, గుగ్గిలం పూయించాడు, పడవని ఊరేశాడు. తొలకరి పడింది. ఏట్లో ఎర్రనీళ్ళు కనపడసాగాయి. ఇంక పడవ తేల్చాలి. వరద ముంచుకొచ్చేదాకా అది నీళ్ళ కింద ఉంటే, కొట్టుకుపోతుంది, లేదా ఒండ్రు కింద పూడుకుపోతుంది. ఈ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

కానీ పడవని ఎవరూ తేల్చలేదు. ఎందుకు తేల్చలేదో నాకు అప్పట్లో తట్టనేలేదు.

దేవుడి ముందు ముత్తైదువ, విధవ అన్న తేడా లేదని మా పాస్టరుగారు చాలాసార్లు చెప్పారు. చర్చిలో అందరం తలలూపాం. ఆ మాట చర్చి గుమ్మం దాటి రేవు దాకా రాలేదు. మొగుడు పోయిన ఆడది బిరడా పెట్టిన పడవ మేము ఎక్కం అన్నారు కళాసులు. వాళ్ళని తప్పు పట్టలేను. సున్నం మీద కూర్చుని ప్రయాణం చేసేది వాళ్ళు. మరిది వాళ్ళతో, "మా వదినే పెడుతుంది, ఎప్పుడూ పెట్టినట్టే," అన్నాడట. ఆ మాటైతే వాళ్ళకి చెప్పాడు గానీ, నాతో చెప్పడానికి నోరు రాలేదు. నన్ను రమ్మంటే కళాసులు పోతారు, వద్దంటే నేను పోతాను అనుకున్నాడో ఏమో. అత్తగారి లెక్క వేరు. మావయ్యగారు పోయినప్పుడు ఆవిడ బిరడా గూట్లో పెట్టి పక్కకి తప్పుకుంది, ఎవరూ చెప్పకుండానే. నేనూ అలాగే నా అంతట నేను తీసుకెళ్ళి మరిది చేతిలో పెట్టి తప్పుకోవాలని ఆవిడ చూస్తోంది. ఇంకో ఏడు పడవ ఆగితే ఎవరికీ గడవదు గనక, మరిదికి పెళ్ళయ్యేదాకా వాడే పెడితే చాలని కళాసులు ఒప్పుకున్నారట. పోనీ గూట్లోంచి వాళ్ళే తీసుకోవచ్చు కదా? తీసుకోరు. అది ఎవరి చేతికిచ్చారో వాళ్ళ చేత్తోనే కదలాలి. కొత్తది చెక్కించొచ్చు, ఒక పూట పని. కానీ అది నా మొహాన తలుపేసినట్టని వాళ్ళిద్దరికీ అనిపించింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

నేను పంతం పట్టానని ఊరంతా అనుకుంది. నాకు పంతమెక్కడిది? పంతం పట్టాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి కదా. నేను వంట చేస్తూ, రోజూ ఆ బిరడా కిందే నిలబడి, దానివైపు చూడను కూడా చూడలేదు. అత్తగారు నాతో మాటలు తగ్గించింది. తగ్గించిందని కూడా గమనించలేదు.

చివరికి ఆవిడ నందిగామ కబురుపెడితే మా అన్నయ్య వచ్చాడు. బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ పెరట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. చాలాసేపు వానల గురించి మాట్లాడి, అసలు సంగతికొచ్చాడు.

"చూడమ్మాయ్, ఆ బిరడా పట్టుకుని కూర్చున్నావంట. ఎందుకే ఈ పంతం?"

"ఎవరు పట్టుకున్నారు? గూట్లో ఉంది."

"ఇచ్చెయ్యొచ్చుగా."

"ఎవరన్నా అడిగితేగా, అన్నయ్యా. నన్నెవరూ అడగలా."

అన్నయ్య నా మొహం చూశాడు. అబద్ధమాడుతున్నానేమో అని చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"వాళ్ళు అడగలేకపోతున్నారే," అన్నాడు మెల్లిగా. "ఇచ్చేసి నాతో వచ్చెయ్. స్కూల్లో చిన్నపిల్లలకి చదువు చెప్పుకోవచ్చు. ఇక్కడ నీకేముంది?"

అది నిజమే. పిల్లలు లేరు. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ కొయ్యముక్కే. అదిచ్చాక నేనెవర్ని? అత్తగారికి ఇద్దరు కొడుకులుండేవాళ్ళు, ఒకడు మిగిలాడు. ఆ మిగిలినవాడికి రేపో మాపో పెళ్ళవుతుంది. బిరడా ఇవ్వడమంటే ఇల్లు వదలడమేనని అన్నయ్య చెప్పకుండానే తెలిసింది. తెలిసినా ఏమీ అనిపించలేదు. "సరే," అన్నాను. మధ్యాహ్నం బస్సుకి వెళ్దామని పెట్టె సర్దుకున్నాను. ఉన్నవి నాలుగు చీరలు. పాత రంగు చీర ఒకటి సర్దకుండా పక్కన పెట్టి, దాని అంచు నించి పేలిక చింపాను. ఆముదంలో తడిపి బిరడాకి సన్నకొస నించి చుట్టుకుంటూ వచ్చాను. ఒక్క ముడత లేకుండా చుట్టాను. నా చేతులు చేస్తుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నట్టుంది.

నేను బిరడా పట్టుకుని బయటికొస్తే అత్తగారు వెనకే వచ్చింది. అన్నయ్య పెట్టె పట్టుకుని ఆవిడ వెనక. రేవులో కళాసులు లేచి నిలబడ్డారు. అందులో పెద్దవాడు తలగుడ్డ తీసి, "తమరంటే మాకు గౌరవమేనండి. కానీ సున్నం పడవండి, అమ్మగారూ," అన్నాడు. నేను నీళ్ళలో దిగలేదు. మరిది మునిగిన పడవలో మోకాలి లోతున నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఒడ్డుకొచ్చాడు. బిరడా అందించాను. రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు. కళాసులు ఊపిరి తీసుకోవడం నాకు వినపడింది.

వాడు పడవలోకెళ్ళి, వంగి, బిరడా నిలబెట్టి దిగ్గొట్టాడు. కళాసులు రాళ్ళు తీసేసి, డబ్బాలతో నీళ్ళు తోడటం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒకటుంది. లోపలి నీళ్ళు తగ్గేకొద్దీ, కింది నించి ఏరు బిరడాని పైకి తన్నుతుంది. ఇంకా ఉబ్బని బిరడా అది, ఎగదన్నుకొస్తుంది. అందుకని తోడినంతసేపూ ఒక మనిషి వంగి దాని మీద అరచెయ్యి అదిమిపెట్టి ఉండాలి. వాడికి తల ఎత్తడానికి లేదు, పడవ సమంగా లేచిందో ఒరిగిందో కనపడదు. ఒడ్డున ఇంకో మనిషి నిలబడి అది చూడాలి. బిరడా బిగిసిందనిపిస్తే లోపలివాడు "పట్టింది" అంటాడు. ఒడ్డువాడు పడవని చూసి "వదులు" అంటేనే వాడు చెయ్యి తీస్తాడు. అన్నేళ్ళూ లోపల వంగింది మరిది. ఒడ్డున నిలబడింది మా ఆయన.

ఆరోజు ఆ చోట ఎవరు నిలబడాలో ఎవరూ అనుకోలేదు. ఎవరికీ తట్టలేదు.

నీళ్ళు బాగా తగ్గాయి. పడవ కదిలింది. మరిది వీపు మాత్రమే కనపడుతోంది.

"పట్టిందన్నయ్యా!" అన్నాడు.

డబ్బాలు ఆగిపోయాయి. కళాసులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వాడికి అప్పుడు తెలిసినట్టుంది తనేమన్నాడో. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చెయ్యి తియ్యలేదు. ఎవరో ఒకరు పలికితే తప్ప తియ్యకూడదు, ఎవరూ పలకడం లేదు. అలా ఎంతసేపుండేవాడో. కాసేపటికి, తల ఎత్తకుండానే అడిగాడు.

"వదినా, వదలనా?"

ఆ ఇంట్లో, ఆయన పోయాక, నన్నొకరు ఒక మాట అడగడం అదే మొదలు.

నేను పడవ వైపు చూశాను. చూడాలి కదా, అడిగాడు. ముందు భాగం ఇంకా బరువుగా, కిందికి ఉంది. "వద్దు, ఉండు. ముక్కు లేవలా," అన్నాను. "ముందున్న నీళ్ళు తోడండయ్యా." కళాసులు తోడారు. నేను చెప్పానని తోడారు. పడవ ముక్కు మెల్లిగా పైకొచ్చింది. రెండు అంచులూ నీటికి సమంగా నిలిచాయి.

"ఇప్పుడు వదులు," అన్నాను.

అది ఆయన మాట. నా నోట్లోంచి వచ్చింది. ఆయన పోయాడని జ్వరం మంచం దగ్గర చెప్పారు, సమాధి దగ్గర చెప్పారు, వచ్చినవాళ్ళందరూ చెప్పారు. నాకు తెలిసింది అప్పుడు. ఆ మాట ఇంక ఆయన అనడు. నేనే అనాలి. రేవు బురదలో కూలబడి ఏడ్చాను. ఎంత గట్టిగా ఏడ్చానంటే కళాసులు మొహాలు తిప్పుకున్నారు. అత్తగారు వచ్చి నా పక్కన బురదలోనే కూర్చుంది. ఒళ్ళంతా నొప్పి పుట్టింది నాకు. ఎండ వేడి తెలిసింది, తడి తెలిసింది, ఆవిడ చెయ్యి నా వీపు మీదుందని తెలిసింది.

మరిది పడవలో లేచి నిలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. వాడి కాళ్ళ కింద పడవలోకి చుక్క నీరు రావడం లేదు.

కాసేపయ్యాక అన్నయ్య దగ్గరికొచ్చాడు. పెట్టె ఇంకా చేతిలోనే ఉంది. "బస్సు టైమవుతోందమ్మా," అన్నాడు.

ఉండమని నన్నెవరూ అడగలేదు. ఇంక అడిగేదాకా ఆగదలుచుకోలేదు.

"నువ్వెళ్ళన్నయ్యా," అన్నాను. "పెట్టె ఇంట్లో పెట్టెళ్ళు."